పుట్టకు పట్టని బూజు పెట్టెకెందుకు?

కార్తీకం వచ్చిందంటే నెల్లూరు తీరంలో ఇళ్లన్నీ ముసురు వాసనే. మైపాడులోనైనా, కృష్ణపట్నంలోనైనా ఉతికిన బట్టలు రెండు రోజులకుగానీ ఆరవు. డబ్బాలో అప్పడాలు మెత్తబడతాయి. బీరువా అడుగున పెట్టిన తోలు చెప్పులు తీసి చూస్తే పచ్చగా పొడి. ఊరగాయ జాడీ మూత తీసేటప్పుడు ఇంటావిడ గుండె ఒక్క క్షణం ఆగి మళ్లీ కొట్టుకుంటుంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి పెద్ద దిక్కు. ఇక్కడ అలాకాదు, ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే ఈశాన్యం మోసుకొస్తుంది. వాయుగుండం పడితే చెప్పనే అక్కర్లేదు. 2015 నవంబరులోనూ, 2021 నవంబరులోనూ ఆ వాన ఎలా ఉంటుందో ఈ జిల్లా చవిచూసింది.

మనుషుల ఇళ్లలోనే ఇంత చెమ్మ ఉంటే, గాజు పెట్టెలో మట్టి పోసి, మొక్కలు నాటి, అందులో పామును పెట్టినవాళ్ల అవస్థ ఎలా ఉంటుంది?

పామునా అని ఉలిక్కిపడొద్దు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ అది చాలాచోట్ల చట్టం ఒప్పుకొన్న ముచ్చటే. అక్కడి పిల్లలు కుక్కపిల్లను అడిగినట్టే కార్న్ స్నేక్‌ను అడుగుతారు. మన దగ్గర లెక్క వేరు. నాగుపామైనా, జెర్రిపోతైనా, 'రెండు తలల పాము' అని బేరం పెట్టే అమాయకపు ఇసుక పామైనా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన నేల మీది పామును ఇంట్లో ఉంచుకోవడం నేరం. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న విదేశీ జాతుల్ని పెంచుకునేవారు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. కాబట్టి మన వైపు పాముకు గాజు ఇల్లు కట్టే పని జంతు ప్రదర్శనశాలలది, సర్పశాలలది. నెల్లూరు నుంచి రైలెక్కి చెన్నైలోని గిండీ సర్పశాల చూసొచ్చిన కుటుంబాలు లెక్కలేనన్ని. అద్దానికి ముక్కు ఆనించి పామును వెతుక్కున్న పిల్లలకు అందులోని మట్టి మీద ధ్యాస ఉండదు. దాన్ని చూసుకునేవాళ్లకు మాత్రం పాముకంటే ఆ మట్టితోనే తలనొప్పి ఎక్కువ.

తడి మట్టి, వెచ్చదనం, గాలి ఆడని మూల... ఈ మూడూ కలిస్తే బూజుకు పెళ్లి పిలుపు అందినట్టే. దాని విత్తనాలు ఎక్కడినుంచో రానక్కర్లేదు. కంటికి కనిపించని ఆ నలుసులు మనం పీల్చే గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తిండి దొరికినచోట మొలుస్తాయి. పాము పెట్టెలో తిండికి కొదవేముంది? కొత్త కొయ్య ముక్క ఉంటుంది, రాలిన ఆకు ఉంటుంది, పాము విసర్జించిన మలం ఉంటుంది, విడిచిన కుబుసం ఉంటుంది, ఒక్కోసారి అది తినకుండా వదిలేసిన ఎలుక కూడా.

నిజం చెప్పాలంటే మట్టి మీద తెల్లగా దూదిలా పరుచుకునే బూజు దానంతటది పామును చంపదు. అసలు ప్రమాదం దాని వెనకాల ఉంటుంది. ఇక్కడ తడి ఆరడం లేదు అని చెప్పడానికి వచ్చిన కబురు ఆ బూజు. పొట్ట రోజులతరబడి తడి మట్టికి ఆని ఉంటే పొలుసుల కింద నీటి పొక్కులు లేస్తాయి, అవి చితికి పుండ్లవుతాయి. గాలి ఆడకపోతే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. నోరు తెరిచి గాలి పీల్చే పామును చూస్తే దాన్ని పెంచేవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. శిలీంధ్రాల్లో నిజంగా పాములనే పట్టేవి లేకపోలేదు. 2008లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో మసాసాగా అనే చిన్న జాతి గిలక పాములు మొహాలు వాచి చనిపోతే ఆరా తీశారు. ఒఫిడియోమైసిస్ అనే శిలీంధ్రం బయటపడింది. ఆ తరవాత అది ఎన్నో జాతుల్లో కనిపించింది. అది మట్టిలోనూ బతకగలదు.

ఇప్పుడు పుట్ట దగ్గరికి వద్దాం. మట్టి, తడి, చీకటి, వెచ్చదనం, పాము... అన్నీ అక్కడా ఉన్నాయి. మరి అక్కడ బూజెందుకు గెలవదు?

సుమతీ శతకం చదువుకున్న ప్రతి పిల్లాడికీ పుట్ట పెట్టేది చీమలని, కాపురం చేసేది పామని తెలుసు. రెండోది సగం నిజం. మొదటిది మాత్రం శాస్త్రం ఒప్పుకోదు. మన పొలాల గట్ల మీద ఆ ఎర్రమట్టి గోపురాలు లేపేది చెదపురుగులు. అవి చేసేది వ్యవసాయం. ఎండుగడ్డి, పుల్లలు నమిలి, స్పాంజి ముక్కల్లాంటి తట్టలుగా పేర్చి, వాటి మీద ఒక శిలీంధ్రాన్ని పండించుకుంటాయి. దాని పేరు టెర్మిటోమైసిస్. ఆ పంటే వాటి అన్నం. వానలు పడ్డాక ఆ పంట పుట్టను చీల్చుకుని బయటికి తల ఎత్తితే దాన్ని మనం వండుకుంటాం. ఆ గొడుక్కి మనవాళ్లు 'పుట్టగొడుగు' అని పేరు పెట్టారంటే సంగతి ఎప్పుడో కనిపెట్టారన్నమాట. ఉరుములకు మొలుస్తాయన్నది వేరే కథ.

అంటే పుట్టలో శిలీంధ్రం లేకపోవడం కాదు. ఉండాల్సిందొక్కటే ఉంది. రెండోదాన్ని కాపలావాళ్లు రానివ్వరు. ఆ తోటలోనూ కలుపు మొలుస్తుంది. సూడోజైలేరియా అనే శిలీంధ్రం ఎప్పుడు సందు దొరుకుతుందా అని పొంచి ఉంటుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రెనీ బోర్జెస్ బృందం చేసిన పరిశోధన 2017లో వెలువడింది. చెదలు పంటనూ కలుపునూ వాసనతో విడదీసి గుర్తుపడతాయని, కలుపు సోకినదాన్ని మట్టితో పూడ్చేస్తాయని అందులో తేలింది. చెదలు వదిలేసిన పుట్టను తవ్వి చూస్తే ఆ కలుపే రాజ్యం ఏలుతూ ఉంటుంది. పనివాళ్లు పోగానే బూజు వచ్చేస్తుందన్నమాట.

ఇక రెండో గుట్టు గాలి. అదే బెంగళూరులో పుట్టల మీద హంటర్ కింగ్, శామ్యూల్ ఒకో, ఎల్. మహాదేవన్ పరీక్షలు చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. పగలు ఎండకు పుట్ట పై అంచులు వేడెక్కుతాయి. అంచుల వెంబడి గాలి పైకి లేస్తుంది, నడిమి గొట్టంలోంచి కిందికి దిగుతుంది. రాత్రి అంచులు చల్లబడగానే ఆ దారి తిరగబడుతుంది. ఫ్యాను లేదు, కరెంటు లేదు. పగలూ రాత్రీ మారడమే దానికి మోటారు. పుట్ట గోడలు కంటికి గట్టి మట్టిలా కనిపిస్తాయిగానీ, వాటి సన్నని రంధ్రాల్లోంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది.

పాము అద్దెకు దిగేది ఎక్కువగా పాడుబడిన పుట్టల్లో, లేదంటే ఓ పక్క విరిగి దారి ఏర్పడిన పుట్టల్లో. తడి ఎక్కువైతే పై అరలోకి, వేడి ఎక్కువైతే కింది అరలోకి జరుగుతుంది. ఏదీ నచ్చకపోతే అసలు ఇల్లే ఖాళీ చేస్తుంది. గాజు పెట్టెలోని పాముకు లేనిది ఆ స్వేచ్ఛే.

పుట్ట మాట వచ్చాక నాగుల చవితి మాట రాకుండా ఎలా? అది వచ్చేదీ కార్తీకంలోనే, ముసురు రోజుల్లోనే. చలివిడి, చిమ్మిలి, వడపప్పుతో పుట్ట దగ్గరికి వెళ్లడం తరాలనాటి ముచ్చట, దాన్ని ఎవరూ కాదనరు. చిక్కల్లా కన్నంలోకి వంచే పాల చెంబుతోనే. పాము పాలు తాగదు. దాని ఒంటికి పాలు అరగవు. దాహం తీరాలంటే దానికి నీళ్లే కావాలి. లోపలికి పోసిన పాలు ఆ చీకట్లో, ఆ వెచ్చదనంలో విరిగి పులుస్తాయి. గుడ్లు కుళ్లుతాయి. ఊరంతా ఒకే పుట్టకు క్యూ కడితే, లీటర్ల కొద్దీ పాలు దిగిన ఆ మట్టి ఎన్ని రోజులు కంపు కొట్టాలి? సన్నని గాలి దారులు పూడిపోతే చెదలు చేసుకున్న ఏర్పాటంతా తలకిందులే. లోపల పాము ఉంటే అది బయటికి రావాల్సిందే, వచ్చేది ఊళ్లోకే. పుట్ట మొదట్లో విస్తరాకు వేసి, దొన్నెలో ఒక ఉద్ధరిణెడు పాలు పెట్టి దణ్నం పెట్టుకుని వచ్చేవాళ్లు ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తున్నారు. ఆ పద్ధతిలో పూజకు లోటూ లేదు, పుట్టకు చేటూ లేదు.

నెల్లూరు దాటి తీరం వెంబడే దక్షిణానికి వెళితే ఇంకో రకం పాము ఇల్లు ఉంది. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర, మొసళ్ల పార్కు ఆవరణలో, ఇరుళ తెగవారి సహకార సంఘం నడుస్తోంది. పాములు పట్టి చర్మాలు అమ్ముకుని బతికిన ఆ కుటుంబాల దారి 1972 చట్టంతో మూసుకుపోయింది. రోములస్ విటేకర్ చొరవతో 1978లో ఈ సంఘం పుట్టింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర... ఈ నాలుగింటినీ అటవీ శాఖ అనుమతితో పట్టి, మూడు నాలుగు వారాలు ఉంచి, విషం తీసి, గుర్తుపెట్టి మళ్లీ అడవిలో వదిలేస్తారు. పాముకాటు విరుగుడు మందు తయారయ్యేది ఆ విషంతోనే. దేశంలోని మందు కంపెనీలకు ఏళ్లతరబడి అందులో సింహభాగం ఇక్కడినుంచే వెళ్లింది. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

అంత విలువైన పాములుండేది ఎందులో? మట్టి కుండలో. అడుగున ఇసుక, మూతికి గుడ్డ వాసెన. మొక్క లేదు, నాచు లేదు, దీపం లేదు. సముద్రం పక్కనే, మనలాంటి ఉక్కలోనే. కుండ గోడ చెమ్మను పీల్చి బయటికి వదిలేస్తుంది, అందుకేగా మన ఇళ్లలో ఎండాకాలం దాని నీళ్లు చల్లగా ఉండేది. గుడ్డలోంచి గాలి ఆడుతుంది. ఇసుకలో బూజు తినడానికి ఏమీ ఉండదు. తడిస్తే పారబోసి కొత్తది పోయడం చిటికెలో పని. పాము ఇంటికి అందం అక్కర్లేదు అనుకుంటే ఇంతకంటే మంచి పరిష్కారం ఇంకోటి లేదు. ఇక్కడ పాముకు జబ్బు చేస్తే నష్టం ఒక్క పాముతో పోదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు బలైనవారు సుమారు 12 లక్షల మంది అని 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. విరుగుడు సీసా వెనకాల ఆ కుండలోని పొడి ఇసుక కూడా ఉందని ఎంతమందికి తెలుసు?

మరి అందమూ కావాలి, మొక్కలూ కావాలి అంటే? అప్పుడు గాజు పెట్టెలో ఒక చిన్న పుట్టను కట్టాల్సిందే. అంటే ఆకారం కాదు, ఏర్పాటు.

మొదటి మెట్టు అడుగున నీళ్లు నిలవని చోటు. రెండంగుళాల మందాన గులకరాళ్లో, ఇటుక ముక్కలో పరచాలి. దాని మీద నైలాన్ దోమతెర, ఆ పైన మట్టి. ఎక్కువైన నీరు కిందికి దిగిపోతుంది, మట్టి మునగదు. మన తీరంలో ఇసుకకు కరవు లేదుగానీ సముద్రపు ఇసుక పనికిరాదు, ఉప్పు మొక్కనూ బతకనివ్వదు. ఏటి ఇసుకే మేలు. కొబ్బరి పొట్టు సంగతీ అంతే. నీళ్లు పట్టుకోవడంలో దానికి సాటి లేదు, తన బరువుకు ఎన్నో రెట్లు పీల్చుకుంటుంది. అదే దాని గుణం, అదే దోషం. ఉప్పునీటి పక్కన నానిన పొట్టును మూడు నాలుగుసార్లు మంచినీళ్లలో కడగాలి. పైగా మట్టిలో అదొక్కటే ఉండకూడదు, ఇసుకతోనూ ఆకు ఎరువుతోనూ కలిపి వాడాలి.

తడి ఎంత ఉండాలన్నదానికి పరికరాలు వెతుక్కోనక్కర్లేదు. గుప్పెడు తీసి పిడికిలి బిగించాలి. ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క కారకూడదు. కారితే ఎక్కువైనట్టు. ఈ పరీక్ష మన రైతుకు కొత్త కాదు.

పెట్టె అంతా ఒకేలా తడపడం పెద్ద పొరపాటు. ఒక మూల తడి, ఎదుటి మూల పొడి. రెండుచోట్లా దాక్కోవడానికి ఒక పెంకు ముక్కయినా ఉండాలి. పుట్టలో అర మార్చినట్టు ఇక్కడ మూల మార్చుకుంటుంది. పాముల అవసరాలూ ఒకటి కావు. నీరుకట్టె పాము చెరువు మనిషి అనుకుంటే, ఇసుక పాము పొడి నేల మనిషి. అందరికీ ఒకటే తడి అంటే ఎవరో ఒకరు జబ్బు పడతారు.

గాలి విషయంలో విదేశీ పుస్తకాలను గుడ్డిగా నమ్మితే నెల్లూరులో నష్టమే. చలిదేశాల్లో హీటర్లు వేసిన గదుల్లో గాలి పొడిగా ఉంటుంది. అందుకే అక్కడివాళ్లు మూత సగం మూసి తడి నిలబెట్టుకోమంటారు. మనకు కార్తీకంలో గాలే తడి గుడ్డలా ఉంటే మూత మూయడం దేనికి? ఒక పక్క కింద, ఎదుటి పక్క పైన జాలీ ఉంచితే చల్లగాలి కిందినుంచి దూరి, వేడిగాలి పైనుంచి పోతుంది. పుట్ట చేసేదీ ఇలాంటి పనే. ఆ రోజుల్లో నీళ్లు చిలకరించడం దాదాపు మానేయాలి. అదే రోహిణి కార్తెలో పడమటి గాలి మొహం మాడుస్తున్నప్పుడైతే రోజూ చల్లాల్సి రావచ్చు. నెల్లూరులో ఏడాది పొడుగునా ఒకే లెక్క నడవదు.

ఇక పనివాళ్లు. పుట్టలో చెదలున్నట్టు పెట్టెలోనూ ఎవరో ఉండాలి. కుండీ కింద తడి మట్టి కదిపితే నలుసంత తెల్లని పురుగులు తోకతో ఎగిరి పడుతుంటాయి, వాటిని స్ప్రింగ్‌టెయిల్స్ అంటారు. బూజే వాటి భోజనం. రాయి ఎత్తితే కనిపించి, ముట్టుకుంటే బఠాణీ గింజలా ముడుచుకునే బూడిదరంగు పురుగులుంటాయి, వాటిది ఐసోపాడ్‌ల కుటుంబం. కుళ్లిన ఆకును, రెట్టను అవి చూసుకుంటాయి. పామును పెట్టడానికి కొన్ని వారాల ముందే వీటిని వదిలి, కాపురం కుదురుకోనివ్వాలి. పైన ఎండుటాకులు దట్టంగా పరిస్తే వాటికి గూడు, పాముకు పొడి పరుపు. తీరమంతా ఎర్రబడి రాలే నాటు బాదం ఆకులు ఇందుకు భేషుగ్గా పనికొస్తాయి, ఊడ్చి తగలబెట్టేవాళ్లను అడిగితే ఊరికే ఇస్తారు.

పనివాళ్లున్నారు కదా అని యజమాని నిద్రపోతే కుదరదు. తినకుండా వదిలిన ఎలుకను ఆ రోజే తీసేయాలి. మలాన్ని, దానితో వచ్చే తెల్లటి సుద్దలాంటి ముద్దను, కుబుసాన్ని కూడా తీసేయాల్సిందే.

మొక్కల్లో మనీ ప్లాంట్ దేనికైనా సర్దుకుపోతుంది. పొడి మూలకు చాగనార బాగుంటుంది. మన తీరపు చిట్టడవుల్లో దొరికే ఈ మొక్కకు నర్సరీల్లో ఉన్న చుట్టాల్ని 'స్నేక్ ప్లాంట్' అని అమ్ముతారు, పాముకు పాము మొక్క తోడు! దానికి నీళ్లు ఎక్కువైతే మొదలు కుళ్లుతుంది. అంటే బూజుకంటే ముందే హెచ్చరిక అన్నమాట.

బూజుల్లోనూ మంచీ చెడూ ఉన్నాయి. కొత్త కొయ్య మీద తెల్లటి దూది కనిపిస్తే హడావుడి వద్దు. అందులోని తీపి అయిపోగానే కొన్ని వారాల్లో అదే పోతుంది. ముందే కొయ్యను ఉడికించి ఎండబెట్టుకుంటే అదీ ఉండదు. కొబ్బరి పొట్టు మీద ఆకుపచ్చ పొడి తేలితే అది చాలాసార్లు ట్రైకోడెర్మానే. వేపపిండిలో, పశువుల ఎరువులో కలిపి పొలానికి చల్లుకునే మన రైతునేస్తం. పసుపు పచ్చని బుల్లి గొడుగులు లేస్తే ముచ్చటగా చూసి పీకేయొచ్చు. భయపడాల్సింది నల్లబడి, జిగటగా, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే మట్టిని చూసి. అక్కడ గాలి చచ్చిపోయింది. పామును వేరేచోటికి మార్చి మట్టి మొత్తం ఎత్తిపోయాల్సిందే, పైపైన సర్దితే లాభం లేదు. తొలకరికి లేచే మట్టి వాసన వస్తే మాత్రం అంతా క్షేమం.

బూజును చూడగానే ఫినాయిల్ సీసా వైపో, పొలానికి కొట్టే తెగుళ్ల మందు వైపో చెయ్యి పోవడం సహజం. ఫినాల్ ఉన్న ద్రావకాలు పాములకు విషం. కలరా ఉండల వాసనా ప్రమాదమే. తెగుళ్ల మందు బూజుతోపాటు దాన్ని తినే పురుగుల్నీ చంపుతుంది, పది రోజులకు బూజు తిరిగొస్తుంది, పురుగులు రావు. అడుగున బొగ్గు ముక్కలు వేస్తే చాలని కొందరంటారు. వాసన కొంత పీల్చుకుంటాయేమోగానీ బూజును ఆపుతాయనుకోవడం అత్యాశ.

పాము లేని గాజు తోట మన ఇళ్లలోనూ ఇప్పుడు కనిపిస్తోంది. 1829లో లండన్ వైద్యుడు నథానియెల్ వార్డ్ ఒక సీసాలో తడిమట్టి పోసి చిమ్మట ప్యూపాను పెడితే, అందులో ఫెర్న్ మొక్క దానంతటదే మొలిచింది. ఆ సరదా అక్కడ మొదలైంది. పుట్టినరోజుకు వచ్చిన అలాంటి సీసా కార్తీకంలో తెల్లబడిపోయిందని పిల్లలు దిగులుపడుతుంటే, చెప్పిన లెక్కలే దానికీ పనికొస్తాయి. రోజూ ఓ గంట మూత తీయాలి. కుళ్లిన ఆకును చిమటాతో లాగేయాలి. అద్దం మీద చుక్కలు ఆరేదాకా నీళ్లు పోయకూడదు. ఉబ్బసం ఉన్న పిల్లల పడకగదిలో మాత్రం దాన్ని ఉంచొద్దు, బూజు నలుసులు వాళ్లకు పడవు.

కొత్త మట్టి కలుపుకోవాలనుకునేవారు ముసురులో ఆ పని పెట్టుకోవద్దు. సంక్రాంతి దాటాక ఎండ కాస్త చురుక్కుమంటుంది. కడిగిన పొట్టునూ ఏటి ఇసుకనూ బాదం ఆకులనూ మేడ మీద పాత చీర పరిచి నాలుగు రోజులు ఎండబెట్టి, డబ్బాకెత్తి మూత బిగిస్తే మళ్లీ కార్తీకం దాకా ఢోకా ఉండదు.